ప్లాస్టరు ముక్క మీద ఏడున్నర

"పెర్సీ, ఒక కాగితం, పెన్ను తీసుకుని ఇట్టా రావే. ఇంగ్లీషులో ఉత్తరం రాయాలి," అంది సరళకుమారి.

ఫెలిక్స్ నోటి దగ్గరికి తీసుకెళ్ళిన టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది.

ఆ ఇంట్లో ఇంగ్లీషు ఉత్తరం అంటే ఫెలిక్స్ పని. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి నుంచీ తల్లి సెలవు చీటీలూ, ప్రమోషన్ దరఖాస్తులూ, చివరికి బాపట్లలో మేనమామ పొలంగట్టు తగాదా అర్జీలూ అన్నీ అతని చేతి మీదుగానే వెళ్ళాయి. అలాంటిది ఇరవై ఏడేళ్ళ కొడుకు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉండగా, మంచం మీద పన్నెండో తరగతి పుస్తకాలు పరుచుకున్న కూతురు పెర్సిస్‌ని పిలిచింది. నాలుగు తిట్టి ఊరుకున్నా బాగుండేది.

"నేను రాస్తాను కదా మమ్మీ," అన్నాడు.

సరళకుమారికి వినిపించలేదు. ఆవిడ చెవులకేం లోటు లేదు. వార్డులో ఆ చివర రోగి మూలిగితే ఈ చివర నుంచి ఏ బెడ్డో చెప్పగల మనిషి. కానీ గురువారం మధ్యాహ్నం నుంచీ కొడుకు మాట మాత్రం ఆవిడకి వినిపించడం మానేసింది. ఇవాళ శనివారం.

"భయ్యా రాస్తాడు కదా. ముఝే క్యోం... నేనెందుకు?" పెర్సిస్ గొణిగింది.

"నిన్నే రమ్మన్నాను."

పెర్సిస్ లేచింది. తల్లీకూతుళ్ళు లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. ఢిల్లీ మునిర్కాలో, మూడో అంతస్తులో, రెండే గదుల ఇల్లది. ఆ మధ్య తలుపు డిసెంబరు చలికి తప్ప ఇన్నేళ్ళలో ఎన్నడూ మూసిన పాపాన పోలేదు. ఇవాళ ఫిబ్రవరి ఎండ గుమ్మం దాకా వచ్చి కూర్చుని ఉండగా మూసేశారు.

ఫెలిక్స్ చల్లారిపోయిన టీ తాగాడు. ఏం చేయాలో తోచక మళ్ళీ ఖాళీ గ్లాసే నోటికి ఆనించుకున్నాడు.

గురువారం నాడు ఆస్పత్రిలో నర్సులకి పెద్దైన మేట్రన్ సరళకుమారిని పిలిచి మెమో చేతిలో పెట్టింది. మంగళవారం పొద్దున పద్నాలుగో బెడ్డు పెద్దాయనకి టిఫిన్‌కి ముందు ఇవ్వాల్సిన ఇన్సులిన్‌ని పది గంటల పది నిమిషాలకి ఇచ్చిందట. పదిన్నరకి ఆయనకి ఒంట్లో చక్కెర పడిపోయి స్పృహ తప్పింది. కంటిరెప్పపాటులో గ్లూకోజు ఎక్కించి ఆయన్ని బతికించింది సరళకుమారే అయినా, ఆ సంగతి మెమోలో లేదు. సోమవారం పదకొండు గంటలకి విచారణ. అప్పటిదాకా డ్యూటీకి రావద్దన్నారు.

ఆవిడ ఇచ్చింది ఏడున్నరకి. పెద్దాయన గోధుమరవ్వ జావ గొంతు దిగక, గిన్నెని మంచం కింద దాచి, తిన్నానని బొంకాడు. ఇన్సులిన్ ఎక్కాక తిండి పడకపోతే చక్కెర పడిపోతుంది. జరిగింది అదీ.

"ఏడున్నరకే ఇచ్చాను మేడమ్," అని ఈవిడ మొత్తుకుంటే, "మరి కంప్యూటర్ పదీ పది అంటోందే సిస్టర్?" అందట మేట్రన్.

ఆ కంప్యూటర్‌కి ఆ మాట నేర్పిన మహానుభావుడు ఎవరయ్యా అంటే, ఇదిగో, ఖాళీ గ్లాసు నోటికి ఆనించుకుని కూర్చున్న ఈ ఫెలిక్సే. సాకేత్‌లో అతని కంపెనీ ఆ ఆస్పత్రి వార్డులకి రాసిన ప్రోగ్రాంలో, మందులు నమోదు చేసే భాగమంతా అతని చేతి పనే. ఇరవై ఎనిమిది బెడ్లకి ఒక్క కంప్యూటర్. సిస్టర్లు ముందు సూదులు వేసేసి, డాక్టర్ల రౌండు అయ్యాక, వీలు దొరికినప్పుడు వచ్చి నమోదు చేస్తారు. సేవ్ నొక్కగానే ఆ క్షణంలో గోడ మీద గడియారం ఎంతుంటే అంత టైము మిషనే వేసేసుకుంటుంది. సూది ఎప్పుడు వేశావమ్మా అని అది అడగదు. అడిగే గడే అందులో లేదు.

నిరుడు ఆ ప్రోగ్రాం మొదలైన వారం, ఆదివారం నాడు సరళకుమారి చర్చి సంఘంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. "మా అబ్బాయి రాసిన దాని మీదే నేను పని చేస్తున్నాను, దేవునికి స్తోత్రం," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పాస్టరుగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేశారు. ఇప్పుడది తల్చుకుంటే ఫెలిక్స్‌కి సిగ్గుతో ప్రాణం చచ్చిపోతోంది.

తలుపు తెరుచుకుంది. పెర్సిస్ బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏం రాయించింది?"

"ముఝ్‌సే మత్ పూఛో భయ్యా, నన్నడక్కు," అని పుస్తకాలు పోగుచేసుకుని బాల్కనీలోకి పోయింది.

సరళకుమారి మడిచిన కాగితాన్ని బైబిల్లో పెట్టి, వంటింట్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా గిన్నెలు మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. ఫెలిక్స్ వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. మూడు రోజులుగా కడుపులో నానుతున్న ఉపాయం ఇవాళ బయటపెట్టాల్సిందే అనుకున్నాడు.

"మమ్మీ, నా మాట విను. ఉత్తరాలూ గిత్తరాలూ ఏమీ అక్కర్లేదు. సర్వర్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. నేను ఒక్క లైను రాస్తే చాలు. పద్నాలుగో బెడ్డు, మంగళవారం, ఇన్సులిన్. పదీ పది కాస్తా ఏడున్నర అవుతుంది. పాతది ఎక్కడా మిగలదు. ఐదు నిమిషాల పని. దేవుడికి కూడా తెలియదు."

గిన్నెల చప్పుడు ఆగింది.

"ఏ దేవుడికిరా?"

మూడు రోజుల తర్వాత తల్లి తనతో అన్న మొదటి మాట అది.

"అది కాదు మమ్మీ..."

"ఏ దేవుడికి తెలియదు? చెప్పు." ఆవిడ సబ్బు చేతులతోనే ఇటు తిరిగింది. "గుంటూరు ట్రైనింగులో మొదటి వారం మాకేం నేర్పారో తెలుసా? సూది వేయడం కాదు. తప్పు రాస్తే ఎట్టా దిద్దాలో నేర్పారు. తప్పు మీద ఒక్క గీత. ఒక్కటంటే ఒక్కటే. కింద ఉన్నది చదవడానికి రావాలి. పక్కన సరైంది రాసి, సంతకం, తేదీ, టైము. రబ్బరు పెట్టి చెరిపినా, బ్లేడుతో గీకినా, తెల్లరంగు పూసినా ఇంటికి పంపించేసేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళల్లో నా రిజిస్టర్లో ఒక్క అక్షరం చెరిపినట్టు ఎవర్నైనా చూపించమను."

"ఇది రిజిస్టర్ కాదు మమ్మీ..."

"పాతది మిగలదంటున్నావే, మిగలకుండా ఎట్టా కట్టావురా దాన్ని? మనుషుల ప్రాణాలు రాసుకునే పుస్తకం కదా అది?"

పాత విలువ మీద కొత్త విలువ పడితే పట్టిక చిన్నగా ఉంటుంది, ప్రోగ్రాం చురుగ్గా నడుస్తుంది. అప్పట్లో ఫెలిక్స్ అంతకు మించి ఆలోచించలేదు. పైగా అది తెలివైన పని అనుకున్నాడు.

"నేనడిగిన గడి పెట్టి ఉంటే ఈ గోల ఉండేదా?" అంది సరళకుమారి. గొంతు కాస్త దిగింది. "ఇచ్చిన టైము రాసుకోవడానికి ఒక్క గడి పెట్టరా నాన్నా అని ఎన్నిసార్లు అడిగాను?"

"ఆస్పత్రి వాళ్ళే వద్దన్నారని అప్పుడే చెప్పాను కదా," అన్నాడు ఫెలిక్స్, నేల చూస్తూ.

అది అబద్ధం. ఆ అబద్ధానికి ఏడాది నిండింది. ఆస్పత్రి వాళ్ళు ఏమీ అనలేదు. అసలు వాళ్ళని అడిగిందెవరు? మిషన్‌కి తనంతట తాను తెలిసే సంగతిని మనిషి చేత రాయించకూడదు, మనిషి రాస్తే అబద్ధం రాయొచ్చు అని ఫెలిక్స్ గట్టిగా నమ్మాడు. అమ్మ అడుగుతోంది అమాయకంగా అనుకున్నాడు. వివరంగా చెబితే అర్థం కాదులే అని, ఆస్పత్రి మీదకి తోసేశాడు. తెలివి ఎక్కువైతే తెల్లారేదాకా నిద్ర పట్టదంటారు. గురువారం నుంచి అతనికి నిద్ర లేదు.

సరళకుమారి మళ్ళీ గిన్నెల వైపు తిరిగిపోయింది.

*

మేడ మీద రాజరత్నం బట్టలు ఆరేస్తున్నాడు. తపాలా శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు ఉత్తరాలు వేరు చేసి, నిరుడు రిటైరైన మనిషి. అప్పటి నుంచి భార్య యూనిఫారాలు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసే పని ఎవరూ చెప్పకుండానే నెత్తిన వేసుకున్నాడు. మూడు రోజులుగా ఆవిడ డ్యూటీకి పోకపోయినా ఉతికిన తెల్లకోటే మళ్ళీ ఉతుకుతున్నాడు.

"తిట్టిందా?" అన్నాడు కొడుకుని చూసి.

"తిట్టింది."

"పోన్లే. మాట్లాడింది కదా."

చుట్టూ ఇళ్ళ మేడల మీద అద్దె గదుల విద్యార్థులు ఎండలో చాపలేసుకుని చదువుకుంటున్నారు. ఎవరి రేడియోలోనో హిందీ పాట. ఫెలిక్స్ ట్యాంకు గట్టు మీద కూర్చున్నాడు. తండ్రి కోటు చెయ్యి దులిపి, మోచేతి కింద గోటితో గీకుతూ ఏదో చూసుకుంటున్నాడు.

"ఏంటది డాడీ?"

"ప్లాస్టరు జిగురు. పూర్తిగా పోదు. ఇస్త్రీ పెట్టె తగిలితే పసుపు మచ్చ పడుద్ది."

ఫెలిక్స్‌కి తెలుసు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. డ్యూటీలో అమ్మ ఎడమ చేతి మీద, కోటుకి, గాయాలకి వేసే తెల్ల ప్లాస్టరు జానెడు అతికించి ఉంటుంది. దాని మీద బెడ్డు నంబర్లు ముందే రాసుకుంటుంది. సూది బయటికి తీశాకే పక్కన టైము రాస్తుంది. ముందు రాయనే రాయదు. నిరుడు ప్రోగ్రాం కోసం ఒక రోజంతా వార్డులో కూర్చుని చూసినప్పుడు కూడా ఆ ప్లాస్టర్లు అతని కంట పడ్డాయి. పాతకాలపు అలవాటు, ఇంక పోతుందిలే అనుకున్నాడు.

"మరి మంగళవారంది?" అన్నాడు, గట్టు దిగుతూ. "మంగళవారం ప్లాస్టరు ఏం చేశారు? పారేశారా?"

"పారేయడమెందుకు?"

రాజరత్నం మెట్ల గది తలుపు సగం మూసి, దాని వెనక వైపు చూపించాడు. తలుపంతా తెల్లగా ఉంది. ఒకదాని కింద ఒకటి, వరసగా, ప్లాస్టరు ముక్కలు. ఏడాది రోజులవి. ప్రతి దాని పక్కనా పెన్సిల్‌తో తేదీ. ఆ దస్తూరీ తండ్రిది.

ఫెలిక్స్ కింది వరసలో వెతికాడు. దొరికింది. తల్లి రాసిన వంకర అంకెలు. తొమ్మిదో బెడ్డు, ఏడూ ఇరవై. పదకొండు, ఏడూ పాతిక. పద్నాలుగు, ఏడున్నర. పదహారు, ఏడూ నలభై.

"ఇవన్నీ ఎందుకు దాచారు డాడీ?"

రాజరత్నం తీగ మీది కోటుకి క్లిప్పు పెట్టాడు.

"మీ అమ్మ ఇంటికొచ్చి వార్డు సంగతులు ఏమీ చెప్పదురా. అలిసిపోయి వస్తది, పడుకుంటది. నువ్వు ఆఫీసు నుంచి వచ్చి ఆ కంప్యూటర్ పెట్టె ముందేసుకుంటావు. చెల్లి చదువు చెల్లిది. పగలంతా నేనొక్కణ్ణే. కోటు నానబెట్టేముందు ఇది ఊడదీసి చదువుకుంటాను. ఆహా, ఇయాళ పదకొండు సూదులు వేసింది, ఒంటిగంట దాకా కూర్చోలేదు అనుకుంటాను. అంతే. పారేయబుద్ధి కాలా."

"గురువారం నుంచీ ఇంట్లో ఇంత గొడవ జరుగుతుంటే చెప్పరేం?"

"ఎవరడిగారు నన్ను?"

ఆ మాటలో కోపం లేదు. అందుకే ఫెలిక్స్‌కి ఎక్కువ తగిలింది.

"మా పోస్టాఫీసులో కవరు మీద రెండు ముద్రలు పడేవి అబ్బాయ్," అన్నాడు రాజరత్నం, బకెట్‌లోంచి ఇంకో బట్ట పిండుతూ. "ముందు వైపు వేసిన ఊరిది, వెనక వైపు చేరిన ఊరిది. ఎవడైనా వచ్చి ఉత్తరం ఆలస్యమైందని తగాదా పడితే రెండూ చూపించేవాళ్ళం. ఆలస్యం ఎక్కడిదో తేలిపోయేది. మీ ప్రోగ్రాంలో ఒకటే ముద్రంట కదా? పెర్సీ చెప్పింది. చేరిందాని ముద్ర ఒకటే కొట్టి, ఉత్తరం అప్పుడే రాశారంటే ఎట్టా?"

ఫెలిక్స్‌ది నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువు, ఐదేళ్ళ ఉద్యోగం. అమ్మ ఒక గీత గురించి చెప్పింది, నాన్న రెండు ముద్రల గురించి చెప్పాడు. ఇద్దరూ ఇదే ఇంట్లో ఉన్నారు. ఏడాది కిందట ఒక్క పూట కూర్చుని అడిగి ఉంటే సరిపోయేది.

*

మధ్యాహ్నం రెండింటికి సాకేత్ ఆఫీసులో విష్ణువర్ధన్ ఒక్కడే ఉన్నాడు. కంపెనీ అతనిదే. హైదరాబాదు మనిషి, శనివారాలు కూడా వచ్చి పని చేసుకుంటాడు. ఫెలిక్స్‌ని సాటి తెలుగువాడని పండగలకి ఇంటికి భోజనానికి పిలిచేవాడు కూడా.

ఫెలిక్స్ మంగళవారం పట్టిక తీసి చూపించాడు.

"చూడండి సార్. తొమ్మిదో బెడ్డు పదీ పది. పదకొండో బెడ్డు పదీ పది. పద్నాలుగు కూడా పదీ పదే. పదహారు పదీ పదకొండు. నిమిషంలో నలుగురికి ఇన్సులిన్ వేయడం మనిషి వల్ల అవుతుందా? ఇది సూది వేసిన టైము కాదు, సేవ్ నొక్కిన టైము. ఈ ఒక్క పేజీ పట్టుకెళ్ళి విచారణలో చూపిస్తే చాలు. మా ఇంట్లో ఏడాది ప్లాస్టర్లు కూడా ఉన్నాయి, పక్కన పెట్టి చూడొచ్చు."

విష్ణువర్ధన్ అంతా ఓపిగ్గా చూశాడు. కాదనలేదు.

"నువ్వు చెప్పేది కరెక్టే. గడి ఉండాల్సింది. నెక్స్ట్ వెర్షన్‌లో పెట్టేద్దాం, పాత విలువలు కూడా దాచేద్దాం. కానీ సోమవారం నువ్వు వెళ్ళొద్దు."

"ఎందుకు సార్?"

అతను బీరువా తీసి ఒక ఫైలు బల్ల మీద పెట్టాడు. ఇంకా ఆరు ఆస్పత్రులు ఇదే ప్రోగ్రాం పెట్టుకోబోతున్నాయని, రాసినవాడే వెళ్ళి ఇది తప్పని చెబితే ఒక్కటీ మిగలదని, ముప్ఫై మంది రోడ్డున పడతారని చెబుతూ కాగితాలు తిప్పాడు. ఒక చోట ఆగి, ఫైలు ఇటు తిప్పాడు.

"ఇది చదువు. మందు ఇచ్చిన సమయాన్ని సిస్టమే నమోదు చేయాలి, సిబ్బంది రాయకూడదు. వాడేవాళ్ళ తరఫున ఆమోదం. కింద సంతకం ఎవరిది?"

కింద నీలం ఇంకుతో, గుండ్రంగా, కె. సరళకుమారి. పందొమ్మిది జనవరి, రెండువేల ఏడు.

ఫెలిక్స్ ఫైలు దగ్గరికి లాక్కున్నాడు.

"సోమవారం ఆస్పత్రి వాళ్ళు ఈ కాపీ బయటికి తీస్తారు. సిస్టర్‌గారే ఒప్పుకున్న పద్ధతి ఇది అంటారు. నువ్వెళ్ళి గొడవ చేస్తే, ఈ సంతకం ఎలా వచ్చిందని అడుగుతారు. నిన్ను అబద్ధం చెప్పమనట్లేదు ఫెలిక్స్. సెలవు పెట్టి ఇంట్లో ఉండు, అంతే."

ఎలా వచ్చిందో ఫెలిక్స్‌కి బాగా గుర్తుంది. ఆవిడ నైట్ డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. అతను ఆఫీసుకి పరిగెత్తే హడావిడిలో ఉన్నాడు. వార్డు తరఫున ఎవరిదో ఒక సంతకం కావాలి, ఇంట్లోనే ఒక సిస్టర్ ఉండగా వేరే ఎవరి దగ్గరికో వెళ్ళడం దేనికి? "ఏందిరా ఇది?" అంది. "ఏం లేదు మమ్మీ, ఫార్మాలిటీ." "ఎక్కడ పెట్టమంటావు నాన్నా?" "ఇక్కడ." చదవలేదు. కొడుకు పెట్టమన్నాడు, పెట్టింది.

తను అడిగిన గడి తనకి వద్దని ఆవిడే సంతకం పెట్టింది. ఆ సంగతి ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు బ్లూలైన్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఫోను తీసి పేర్లన్నీ పైనుంచి కిందికి చూశాడు. నూట నలభై పేర్లున్నాయి. ఈ సంగతి ఎవరికి చెప్పుకోవాలి? ఆఫీసు వాళ్ళకి చెబితే ఆఫీసుకే తెలుస్తుంది. సంఘంలో వాళ్ళకి చెబితే తల్లి సాక్ష్యం నవ్వులపాలవుతుంది. పుట్టి పెరిగిన ఊరిలో, ఇంత జనంలో, ఒక్క మనిషి లేకపోయాడు. చెప్పాల్సింది ఒక్కరికే. ఆ ఒక్కరికే చెప్పలేకపోతున్నాడు. దిగాల్సిన స్టాపు దాటిపోయి, రెండు స్టాపులు వెనక్కి నడిచొచ్చాడు.

*

ఆదివారం మధ్యాహ్నం తెలుగు ఆరాధనకి రాజరత్నం, పెర్సిస్ ఇద్దరే వెళ్ళారు. సరళకుమారి తలనొప్పి అంది. ఢిల్లీ వచ్చాక ఆవిడ ఆరాధన మానడం ఇదే మొదటిసారి.

ఇంట్లో తల్లీకొడుకులు ఇద్దరే మిగిలారు. ఆవిడ బియ్యం చేటలో పోసుకుని రాళ్ళు ఏరుతోంది. గోడ గడియారం చప్పుడు పెద్దగా వినిపిస్తోంది. ఫెలిక్స్ లోపలికి పోయి బైబిల్లోంచి ఆ కాగితం తీశాడు. పెర్సిస్ గుండ్రటి అక్షరాలు, కింద తల్లి సంతకం.

చదివాడు. మళ్ళీ చదివాడు. కాగితం పట్టుకుని ముందు గదిలోకి వచ్చాడు.

"మమ్మీ, ఇదేంటి? పద్నాలుగో బెడ్డుకి ఇన్సులిన్ నేను పదీ పదికే ఇచ్చాను, ఆలస్యం నాదే, కంప్యూటర్ చూపించేది సరైనదే అని రాయించావేంటి?"

సరళకుమారి తలెత్తలేదు.

"నిన్న నన్ను అన్ని మాటలన్నావే! ఒక్క అక్షరం చెరపలేదన్నావే! మరి ఇదేంటి? ఇది అబద్ధం కాదా?"

"అబద్ధమే."

"ఎందుకు?"

"కంప్యూటర్ తప్పంటే అది రాసినోడు తప్పంటారు." చేటలో రాయి ఒకటి తీసి పక్కన పడేసింది. "నాకింకా నాలుగేళ్ళ సర్వీసు. పోతే పోద్ది. నీకు ముప్ఫై ఏళ్ళుంది. పాపం గడి పెడదామని నువ్వన్నావు, వాళ్ళే వద్దన్నారు. నీ తప్పు లేనిదానికి నువ్వెందుకు పడాలి? ఈ అబద్ధానికి దేవుడి దగ్గర నేను చెప్పుకుంటాలే."

ఫెలిక్స్ నేల మీద, చేటకి అటు పక్క కూర్చుండిపోయాడు.

"వాళ్ళు వద్దనలేదు మమ్మీ."

ఆవిడ చెయ్యి బియ్యంలో ఆగింది.

"వద్దన్నది నేనే. వాళ్ళని అడగనే లేదు. మనుషులు రాస్తే అబద్ధం రాస్తారని నేనే తీసేశాను. నీకు చెప్పేందుకు మొహం చెల్లక వాళ్ళ మీద పెట్టాను." ఆపితే మళ్ళీ చెప్పలేనని తెలిసి, ఆపకుండా చెప్పేశాడు. "నిరుడు జనవరిలో నైట్ డ్యూటీ దిగి వచ్చినప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నాను, గుర్తుందా? గడి అక్కర్లేదని మీ సిస్టర్ల తరఫున ఒప్పుకున్న కాగితం అది. రేపు వాళ్ళు నీకు అదే చూపిస్తారు."

సరళకుమారి కొడుకు మొహం చూసింది. ఎంతసేపు చూసిందంటే, కింద వీధిలో కూరల బండివాడు వచ్చి, అరిచి, వెళ్ళిపోయాడు.

"నా చేత్తోనే నా నోరు మూయించావా నాన్నా?" అంది చివరికి.

అరిచి ఉంటే ఫెలిక్స్ తట్టుకునేవాడు. ఆవిడ అరవలేదు. ఏడవలేదు కూడా. చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, కాగితం అందుకుంది. పెన్ను తీసుకుంది. "10.10" మీద ఒక్క గీత గీసింది. కింద అంకెలు శుభ్రంగా కనిపిస్తూనే ఉన్నాయి. పైన "7.30" అని రాసింది. మిగతా మాటల మీద కూడా అలాగే, వరసకి ఒక గీత చొప్పున, తొందర లేకుండా గీసుకుంటూ పోయింది. పక్కన సంతకం చేసి, తేదీ వేసి, గోడ గడియారం చూసి టైము రాసింది. నాలుగూ ఇరవై.

తర్వాత పెన్ను కొడుకు ముందు పెట్టింది.

"నీ ఉత్తరం నువ్వు రాసుకో. ఎప్పుడు జరిగిందో రాయి. ఎప్పుడు రాస్తున్నావో రాయి. రెండూ రాయి."

ఫెలిక్స్ రాశాడు. ఇంట్లో అందరి ఉత్తరాలూ చకచకా రాసిపెట్టిన చెయ్యి, సగం పేజీకి ముప్పావు గంట తీసుకుంది. మధ్యలో ఫోను ఒకసారి మోగి ఆగింది. తర్వాత మెసేజ్ వచ్చింది. రేపు లీవ్ కన్ఫర్మ్ చెయ్యమని విష్ణువర్ధన్ అడిగాడు. ఫెలిక్స్ జవాబు ఇవ్వలేదు. ఇవ్వనని అనుకోనూ లేదు.

రాసింది తల్లికి అందించాడు. చదివింది. బాగుందనలేదు, బాగాలేదనలేదు. తన బైబిల్లో పెట్టుకోలేదు కూడా. తిరిగి అతని ఒళ్ళోనే పెట్టేసింది.

"నువ్వు తీసుకెళ్ళవా మమ్మీ?"

ఆవిడ లేచి డ్యూటీ సంచీలోంచి ప్లాస్టరు చుట్ట తెచ్చింది. పంటితో జానెడు ముక్క తెంపింది. దాని మీద "విచారణ" అని రాసి, పక్కన చిన్న గీత పెట్టి, కొడుకు చొక్కా ఎడమ చేతికి అతికించింది. రెండుసార్లు బొటనవేలితో అదిమింది. రోగి చేతికి అదిమినట్టే అదిమింది, అంతకన్నా ఎక్కువా లేదు, తక్కువా లేదు.

గీత పక్కన టైము రాయలేదు. అది పనయ్యాక రాసేది.

లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఫెలిక్స్ చేట ముందు అలాగే కూర్చుని, చేతి మీద ఆ ఖాళీ చోటు చూసుకుంటూ ఉండగా, ఫోను మళ్ళీ మోగింది.